పులుసు పేరు మీద లీగల్ నోటీసు: ఒక నెల్లూరు మెస్ కేసు

కోర్టు దాకా వెళ్ళని కేసు ఇది. అయినా ఊరి పేరు మోసే వంటకాలకు చట్టం ఎంతవరకు అండగా ఉంటుంది, ఎక్కడికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది అన్నది ఇంత తేటగా చూపించిన ఫైలు నా దగ్గర మరొకటి లేదు. ట్రేడ్‌మార్క్ పనులు మొదలుపెట్టిన జూనియర్ లాయర్లకూ, ఊరి పేరుతో హోటళ్ళు, స్వీట్ షాపులు నడిపేవాళ్ళకూ పనికొస్తుందని, క్లయింటు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మనుషుల్నీ సంస్థల్నీ గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

క్లయింటు నెల్లూరు ఊరి బయట, హైవేకి దగ్గర్లో మెస్ నడిపే యాభై దాటిన ఆవిడ. మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం నుంచి పార్శిళ్ళు. బోర్డు మీద పైన చిన్న అక్షరాల్లో అమ్మవారి పేరుతో మెస్ పేరు, కింద రెండింతల సైజులో 'నెల్లూరు చేపల పులుసు' అని ఉంటుంది. వ్యాపారం మూడు దారుల్లో నడుస్తుంది: కూర్చుని తినేవాళ్ళు, ఫుడ్ యాప్ ఆర్డర్లు, మూత బిగించిన డబ్బాల్లో బస్సుకు వేసి హైదరాబాద్, బెంగళూరు పంపే పులుసు. ఈ మూడోది చిన్నదే. కానీ చట్టం దగ్గరికొచ్చేసరికి దాని సంగతి వేరని తర్వాత తేలింది.

ఒకరోజు యాప్‌లో ఆమె మెస్ కనిపించడం మానేసింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే 'మేధోసంపత్తి ఫిర్యాదు' అన్నారు. అదేంటో అర్థమయ్యేలోపే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వచ్చింది. పంపింది వేరే ఊళ్ళో రెస్టారెంట్లు నడిపే ఒక కంపెనీ. 'నెల్లూరు చేపల పులుసు' తమ రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్ అనీ, పదిహేను రోజుల్లో బోర్డు, మెనూ, డబ్బాల లేబుళ్ళ మీద ఆ పేరు తీసేయాలనీ, ఇన్నాళ్ళ లాభాలకు లెక్క చెప్పి నష్టపరిహారం కట్టాలనీ దాని సారాంశం.

"నెల్లూర్లో కూర్చోని నెల్లూరు పులుసు అనకూడదంటే ఇంకేమనాల సార్?" అన్నది ఆమె మొదటి ప్రశ్న. పక్కనున్న భర్తది రెండోది: "మనం కూడా ఆ జీఐ ట్యాగేదో తెచ్చుకుంటే వీళ్ళ నోరు మూతపడదా?"

రెండో ప్రశ్న ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. ఊళ్ళో ఏ వంటకం పేరు మీద గొడవ వచ్చినా మొదట గుర్తొచ్చేది జీఐ ట్యాగే, అంటే ఒక సరుకు ఫలానా ప్రాంతానిదని చట్టం ఇచ్చే భౌగోళిక గుర్తింపు. చేతిలో నోటీసు ఉన్నవాళ్ళకు అది మందు కాదు. జీఐకి ఏళ్ళు పడుతుంది, నోటీసు గడువు రెండు వారాలు. ఆ నోటీసుకు జవాబు ట్రేడ్‌మార్క్ చట్టంలోనే ఉంది. అందుకే జీఐ సంగతి తర్వాత చూద్దామని పక్కన పెట్టాం.

రిజిస్టర్లో ఏముంది?

ఇలాంటి నోటీసు రాగానే చేయాల్సిన పని ఒక్కటే: అందులో ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు తీసుకుని ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్లో వెతకడం. డబ్బు కట్టక్కర్లేదు, లాయరే చూడాలనీ లేదు. చాలామంది ఈ పని చేయకుండానే భయపడిపోయి బోర్డు దించేస్తారు. నోటీసు రాసేవాళ్ళ ధైర్యమూ అదే.

నోటీసులో నంబరు, క్లాసు (ఏ రకం సరుకుకో, సేవకో చెప్పే వర్గం), తేదీ ఉన్నాయిగానీ రిజిస్టరైన గుర్తు బొమ్మ మాత్రం లేదు. తెరిచి చూస్తే కారణం అర్థమైంది. గుండ్రని ఎర్ర రంగు మధ్యలో ఒక కుండ, దాని మీద అడ్డంగా చేప, పైన కంపెనీ సొంత పేరు లావు అక్షరాల్లో. 'నెల్లూరు చేపల పులుసు' అన్నది కుండ కింద, ఒంపు తిరిగిన సన్న రిబ్బనులో. రిజిస్టరైంది ఆ మొత్తం బొమ్మ. రిబ్బనులోని మూడు మాటలు విడిగా ఎవరి పేరు మీదా రిజిస్టర్ కాలేదు.

1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 9(1)(బి) ప్రకారం సరుకు రకాన్ని, గుణాన్ని, అది పుట్టిన చోటును మాత్రమే చెప్పే మాటల్ని మామూలుగా రిజిస్టర్ చేయరు. దీర్ఘకాలం వాడకం వల్ల ఆ మాట వింటే ఒక్క కంపెనీయే గుర్తొచ్చే స్థితి వచ్చిందని రుజువు చేస్తే తప్ప. నెల్లూరు ఊరు, చేపల పులుసు వంటకం. ఇంతకంటే నేరుగా వర్ణించే మాటలు ఏముంటాయి? ఊరి పేర్ల విషయంలో పాత తీర్పు ఒకటుంది. సిగరెట్లకు 'సిమ్లా' అన్న పేరు కావాలని ఇంపీరియల్ టొబాకో అడిగితే 1977లో కలకత్తా హైకోర్టు కుదరదంది. అందరికీ తెలిసిన ఊరి పేరును ఒక్కరికి కట్టబెట్టడానికి కోర్టులు అంత తేలిగ్గా ఒప్పుకోవు.

మరి బొమ్మలో ఆ మాటలున్నా రిజిస్టర్ చేశారు కదా అంటే, దానికి సెక్షన్ 17 ఉంది. గుర్తు మొత్తంగా రిజిస్టరైతే, దాని మీద హక్కు మొత్తం మీదే. అందులో అందరూ వాడుకునే మాటలుంటే వాటి మీద విడిగా హక్కు రాదు. కొన్ని రిజిస్ట్రేషన్లలో 'ఫలానా మాటల మీద ప్రత్యేక హక్కు లేదు' అని రిజిస్ట్రీయే షరతు రాస్తుంది. ఈ కేసులో ఆ షరతు లేదు. అవతలి లాయరు దాన్నే పట్టుకుని వేలాడతాడని అనుకున్నాం. షరతు రాయకపోయినా సెక్షన్ 17 పనిచేస్తుందని రిప్లైలో ముందే రాసేశాం.

దీనికి తోడు సెక్షన్ 30(2)(ఎ), సెక్షన్ 35. సరుకు రకాన్ని, అది పుట్టిన చోటును చెప్పడానికి ఒక మాట వాడితే అది ఉల్లంఘన కాదని మొదటిది చెబుతుంది. నిజాయితీగా తన పేరునో, తన వ్యాపారం ఉన్న చోటునో, తన సరుకు గుణాన్నో చెప్పుకునేవాళ్ళను రిజిస్టర్డ్ యజమాని అడ్డుకోలేడని రెండోది చెబుతుంది. నెల్లూర్లో వండి నెల్లూరు పులుసు అని రాసుకోవడం ఈ రెండింటి కిందికీ నేరుగా వస్తుంది.

సాక్ష్యం గోడకు వేలాడుతోంది

ఇంతవరకు చట్టం మావైపే ఉంది. అయినా సెక్షన్ 34 కూడా చేతిలో ఉండాలనిపించింది. అవతలివాళ్ళు ఆ గుర్తును వాడటం మొదలుపెట్టిన తేదీ, వాళ్ళ రిజిస్ట్రేషన్ తేదీ, ఈ రెండిట్లో ఏది ముందైతే దానికన్నా ముందు నుంచి ఆపకుండా వాడుతున్నవాళ్ళను ఆపలేరన్నది దాని సారం. ఈమె మెస్ ఆ కంపెనీ కంటే పాతది. పాతదని నోటితో చెబితే చాలదు, కాగితం కావాలి.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, ఫుడ్ లైసెన్సు, కరెంటు బిల్లు, జీఎస్టీ కాగితాలు అన్నీ ఉన్నాయి. అన్నిటి మీదా అమ్మవారి పేరే. 'నెల్లూరు చేపల పులుసు' అన్న మాట ఒక్క ప్రభుత్వ కాగితం మీదా లేదు. ఎందుకుంటుంది? అది మెస్ పేరు కాదు, అక్కడ దొరికే వంట పేరు. సరిగ్గా ఇదే మా వాదన కూడా. మా వాదనకు బలమిచ్చే విషయమే మా సాక్ష్యాన్ని బలహీనం చేస్తోంది.

ఏళ్ళ తరబడి ఆ పేరు వాడారని చూపించేదేమైనా ఉందేమో చూద్దామని మెస్‌కి వెళ్ళాం. బోర్డు రెండుసార్లు మారిందట, పాతది ఎక్కడుందో తెలీదు. బిల్లు పుస్తకాలు చెదలు తిన్నాయి. లోపల గ్యాస్ సిలిండర్ల పక్కన మేకుకు పాత క్యాలెండర్ల కట్ట వేలాడుతోంది. ఏటా కొత్త సంవత్సరానికి పాత కస్టమర్లకు పంచే తెలుగు క్యాలెండర్లు. కింద పట్టీలో మెస్ పేరు, ఫోన్ నంబరు, దాని కింద 'మా ప్రత్యేకత నెల్లూరు చేపల పులుసు'. ఓ మూలన ప్రింటింగ్ ప్రెస్ పేరు. పైన పెద్ద అంకెల్లో సంవత్సరం. తేదీని ఇంత గట్టిగా చెప్పే కాగితం లాయర్లకు రోజూ దొరకదు! వంటావిడ వాటి వెనక్కి తిప్పి చేపల లెక్క రాసుకునేది కాబట్టి పారేయలేదు. ఆ లెక్కల్లోనూ తేదీలున్నాయి, ఏ రోజు ఎన్ని కేజీలు, ఏ చేప అని. ప్రెస్ ఆయన దగ్గర్నుంచి వాటిని తనే అచ్చు వేశానని అఫిడవిట్ తీసుకున్నాం.

ఫోన్లో ఉన్న పాత ఫోటోలు కూడా పెట్టాం. వీటికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. 2024 జులై 1కి ముందు, పాత సాక్ష్య చట్టంలో 65బి అని పిలుచుకున్నదే ఇది. కోర్టుకు వెళ్ళని దశలో ఇది తప్పనిసరి కాదు. కానీ రిప్లైతోపాటే సర్టిఫికెట్ కూడా పంపిస్తే, కోర్టుకు వెళ్ళినా సరే, వీళ్ళు సిద్ధంగానే ఉన్నారని అవతలివాళ్ళకు తెలుస్తుంది.

రిప్లై కుదురుగా రాశాం. మీ కుండ బొమ్మ వాడలేదు, మీ సొంత పేరు వాడలేదు, మీ రంగులు వాడలేదు. వాడిందల్లా ఊరి పేరు, వంట పేరు. మీకంటే ముందు నుంచీ వాడుతున్నాం. చివర్లో సెక్షన్ 142 ప్రస్తావన. ఆధారం లేకుండా ట్రేడ్‌మార్క్ దావా వేస్తామని బెదిరిస్తే, ఆ బెదిరింపులు అన్యాయమని ప్రకటించమని, ఆపమని, నష్టం ఇప్పించమని జిల్లా కోర్టులో మనమే దావా వేయవచ్చు. నోటీసులు పంపేవాళ్ళలో చాలామంది ఈ సెక్షన్‌ను ఎదుటివాళ్ళు చదవరనుకుంటారు. అలాగని దీన్ని కత్తిలా ఝళిపించాల్సిన పనీ లేదు. అవతలివాళ్ళు ఆలస్యం లేకుండా ఉల్లంఘన దావా వేసేస్తే 142 వర్తించదు. పైగా అర్జెంటు ఉత్తర్వు అడగని వాణిజ్య దావాకు ముందు మీడియేషన్ (మధ్యవర్తి దగ్గర రాజీ ప్రయత్నం) గడప తొక్కి రావాలి.

అదే రిప్లై కాపీ, రిజిస్టర్ బొమ్మ ప్రింటు, క్యాలెండర్ ఫోటో కలిపి ఫుడ్ యాప్‌కీ పంపాం. నా లెక్కలో అసలు కాగితం ఇదే. కంపెనీతో వాదన నిదానంగా సాగినా మెస్ మునిగిపోదు. యాప్‌లో పేరు లేకపోతే మాత్రం రోజుకింత నష్టం. యాప్‌లు న్యాయం చెప్పవు, ఫిర్యాదు రాగానే ముందు తీసేస్తాయి. రిజిస్టరైన బొమ్మనూ మెస్ బోర్డునూ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి చూపిస్తే, సెక్షన్లేవీ చదవకపోయినా అక్కడి ఉద్యోగికి తేడా కనిపిస్తుంది. పనిచేసింది అదే. లిస్టింగ్ తిరిగొచ్చింది. తర్వాత కంపెనీ లాయరు నుంచి ముక్తసరిగా జవాబు వచ్చింది: తమ లోగోను అనుకరించనంతవరకు ఆ మాటల వాడకానికి అభ్యంతరం లేదు. క్షమాపణ లేదు, మధ్యలో పోయిన ఆర్డర్లకు పరిహారం లేదు. దాని కోసం దావా వేయొచ్చుగానీ, ఆ డబ్బుకంటే ఖర్చు ఎక్కువని ఆమే వద్దంది.

వాళ్ళ రిజిస్ట్రేషన్నే కొట్టేయించొచ్చు కదా అని ఆమె కొడుకు అడిగాడు. సెక్షన్ 57 కింద రిజిస్ట్రార్‌నో హైకోర్టునో ఆశ్రయించవచ్చు. 2021లో మేధోసంపత్తి అప్పిలేట్ బోర్డు రద్దయ్యాక ఈ పనులు హైకోర్టులకు వచ్చాయి. కానీ కుండ, చేప, సొంత పేరు కలిసిన ఆ బొమ్మ మొత్తంగా చూస్తే ప్రత్యేకమైనదే. దాన్ని కొట్టేయించాల్సిన అవసరం మనకు లేదు. మనకు కావాల్సింది మూడు మాటలు, అవి మన దగ్గరే ఉన్నాయి.

తర్వాత ఆమెకొక సలహా ఇచ్చాను. బోర్డు మీద సైజులు తిరగేయమన్నాను. సొంత పేరు పైన పెద్దగా, వంట పేరు కింద. రేపు ఇంకొకరు నోటీసు పంపినా, 'నేను దాన్ని వంట పేరుగానే వాడుతున్నాను' అని బోర్డే చెప్పాలి. మరి సొంత పేరేది? అమ్మవారి పేరు సమస్యే. 'రామాయణ్' అన్న పేరు ఒక్కటే అగరుబత్తులకు ట్రేడ్‌మార్క్‌గా చెల్లదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. దేవుళ్ళ పేర్లు, పవిత్ర గ్రంథాల పేర్లు ఒక్కరి సొత్తు కావడం కష్టం. చివరికి వాళ్ళమ్మను ఊళ్ళో పిలిచే ముద్దుపేరు తీసుకున్నాం. ఆ పేరుతో ఇంకో హోటల్ ఎక్కడా లేదు. హోటల్ సేవకు క్లాసు 43, డబ్బా పులుసుకు క్లాసు 29. ఆన్‌లైన్లో వేస్తే వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఒక్కో క్లాసుకు 4,500 రూపాయలు, మిగతావాళ్ళకు 9,000.

జీఐ మాట మళ్ళీ వచ్చింది

ఇంతటితో ఫైలు మూసేయాల్సింది. కానీ ఈ కబురు పాకి, చుట్టుపక్కల మెస్‌లవాళ్ళు, ఇద్దరు కేటరింగ్‌వాళ్ళు, మైపాడు వైపు నుంచి ఒక హోటలాయన అందరూ కలిసి వచ్చారు. ఈసారి ఒకరిని కాపాడుకున్నాం, ఊరి పేరునే కాపాడుకుందాం అన్నారు. ఆలోచన మంచిదే. బందరు లడ్డుకు, ఆత్రేయపురం పూతరేకులకు, తిరుపతి లడ్డుకు, గుంటూరు సన్నం మిరపకు, బనగానపల్లె మామిడికి జీఐ ఉంది. 'వండిన కూరకు ఇవ్వరేమో' అని ఒకాయన సందేహపడ్డాడు. ఇస్తారు. హైదరాబాదీ హలీమ్‌కు 2010లోనే వచ్చింది.

వాళ్ళకు ముందు చట్టం చెప్పాను. 1999లో చేసిన భౌగోళిక గుర్తింపుల చట్టం, అంటే జీఐ చట్టం, 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లో ఉంది. దేశం మొత్తానికి రిజిస్ట్రీ చెన్నైలో. ఒక్క మెస్ దరఖాస్తు చేయడానికి వీల్లేదు. తయారీదారుల తరఫున నిలబడే సంఘమో, చట్టబద్ధమైన సంస్థో చేయాలి. రిజిస్టరయ్యాక పదేళ్ళు, తర్వాత మళ్ళీ మళ్ళీ పొడిగించుకోవచ్చు. సెక్షన్ 24 ప్రకారం అమ్మడానికి, లైసెన్సుకివ్వడానికి కుదరదు. దాని కింద ఎవరెవరు ఆ పేరు వాడొచ్చో వాళ్ళంతా అధీకృత వినియోగదారులుగా విడివిడిగా నమోదు కావాలి. రిజిస్టర్ కాని పేరుకు ఈ చట్టం కింద ఉల్లంఘన దావా ఉండదుగానీ, ఒకరి సరుకును ఇంకొకరిదిగా నమ్మించి అమ్మితే పాత పద్ధతిలో దావా వేసుకునే హక్కు పోదు.

ఇదంతా విని తలలూపారు. అసలు గొడవ తయారీ పద్ధతి దగ్గర మొదలైంది.

దరఖాస్తులో వస్తువు వివరం, చేసే పద్ధతి రాయాలి. తెల్లకాగితం మీద 'చేప' అని రాసి పక్కన గీత గీశాను. అక్కడే ఆగిపోయాం. కొరమీనుతో చేసిందే అసలు పులుసు అన్నాడొకాయన. "కొరమీను రేటుకి ప్లేటు ఎంతకమ్మాలబ్బయా? మా దగ్గర బొచ్చె, రాగండే" అన్నాడింకొకాయన. మైపాడాయన వంజరం లేనిదే ఒప్పుకోనన్నాడు. ఒక పెద్దావిడ బొమ్మిడాయిలు మర్చిపోయారని అందర్నీ తిట్టింది. సరే, మామిడికాయ దగ్గరికి వద్దామన్నాను. పులుసులో మామిడికాయ ముక్కలు వేయడమే నెల్లూరు గుర్తని అందరూ ఒక్కమాటగా ఒప్పుకున్నారు. ఆ ఐకమత్యం రెండు నిమిషాలే. "కార్తీకంలో మామిడికాయ ఏ చెట్టున కోస్తారు?" అని కేటరింగాయన అడిగాడు. కొందరు ముక్కలు కోసి ఫ్రీజర్లో పెట్టుకుంటారు, కొందరు ఆ నెలల్లో వేయనే వేయరు. మామిడికాయ తప్పనిసరి అని రాసుకుంటే, సగం ఏడాది వాళ్ళు అమ్మేది వాళ్ళ సొంత జీఐ ప్రకారమే నెల్లూరు పులుసు కాదు.

టమాటా మీద ఇంకా పెద్ద రభస. టమాటా వేస్తే అది పులుసే కాదంది పెద్దావిడ. వేయకపోతే హైవే కస్టమరు తినడన్నారు కుర్రాళ్ళు. మట్టి చట్టిలోనే వండాలన్న మాటకు వంద ప్లేట్లు పోయే మెస్‌లవాళ్ళు నవ్వేశారు. చివరికి మాటా మాటా తీసేస్తూ పోతే అందరికీ కలిసినవి కొన్నే మిగిలాయి: చింతపండు పులుసు, వేయించి కొట్టిన మెంతి జీలకర్ర పొడి, చేప వేశాక గరిట పెట్టకుండా గిన్నెను రెండు చేతులా పట్టుకుని తిప్పడం, ముందురోజు రాత్రి వండి మర్నాడు వడ్డించడం.

చట్టంలో ఇరుకంతా ఇక్కడే ఉంది. అందరికీ సరిపోయేలా 'ఏ చేపైనా, మామిడికాయ దొరికితే' అని వదులుగా రాయొచ్చు. అప్పుడు రిజిస్ట్రీ నియమించే నిపుణుల బృందం ముందు కూర్చున్నప్పుడు, దీనికీ కృష్ణా జిల్లా పులుసుకీ తేడా ఏమిటని అడుగుతారు. చట్టం కోరేది గుణమో, పేరుప్రతిష్ఠో, ఇంకో లక్షణమో ప్రధానంగా ఆ ప్రాంతం వల్లే వచ్చిందని చూపించడం. చేప ఎక్కడ పెరిగినా, చింతపండు ఎక్కడిదైనా, తయారు చేసే సరుకుల విషయంలో తయారీ ఆ ప్రాంతంలో జరిగితే చాలు. అక్కడ ఇబ్బంది లేదు. కానీ గీసిన గిరి వదులైతే సంబంధం పలచబడుతుంది, బిగువైతే వచ్చినవాళ్ళలో సగం మంది బయట పడతారు. పైగా రాసిన పద్ధతి పాటిస్తున్నారో లేదో చూసే తనిఖీ ఏర్పాటు కూడా దరఖాస్తులో చూపించాలి. "అంటే మా వంటింట్లోకి ఇంకొకడొచ్చి మూత తీసి చూస్తాడా?" అని ఒకాయన అడిగాడు. అవును, చూస్తాడు. చాలామంది ఆ తర్వాత కొంచెం నెమ్మదించారు.

మ్యాప్ ఇంకో తలనొప్పి. ప్రాంతం హద్దులు గీసిన, అధికారులు ధృవీకరించిన మ్యాప్ జతచేయాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మార్చినప్పుడు గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాకు పోయాయి, ప్రకాశం నుంచి కందుకూరు ఇటు వచ్చింది. పులికాట్ చేపతో వండే సూళ్ళూరుపేటవాళ్ళది నెల్లూరు పులుసు కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? జిల్లా పేరు రాసుకుంటే రేపు జిల్లా గీత మారితే పులుసు గీత కూడా మారినట్టుంటుంది. మండలాల పేర్లు, ఊళ్ళ పేర్లు విడిగా రాయడమే మంచిదని చెప్పాను. దాంతో ఏ మండలం లోపల, ఏది బయట అన్న కొత్త చర్చ మొదలైంది.

'ఈలోపు ఒంగోలువాళ్ళు ముందు అప్లై చేస్తే?' అన్నది ఎప్పుడూ వచ్చే భయమే. రసగుల్లా కథ చెప్పాను. బెంగాల్, ఒడిశా మధ్య అంత గొడవ జరిగి, 'బాంగ్లార్ రసగొల్ల'కు 2017లో, 'ఒడిశా రసగొల'కు 2019లో వేర్వేరుగా జీఐ వచ్చింది. మొదట కనిపెట్టింది ఎవరన్న తీర్పు అందులో లేదు. ఒంగోలువాళ్ళు తమ పులుసును రిజిస్టర్ చేసుకున్నా 'నెల్లూరు' అన్న మాటకు వచ్చే నష్టం లేదు. ఆ మాటకొస్తే మైసూర్‌పాక్‌కు పేరుపడిన ఊరు ఒంగోలు. దాన్నెవరూ మైసూరు నుంచి వచ్చిందనుకుని కొనరు. పేరు ఊరిని వదిలేసి వంటకానికి అంటుకుపోతే అది అందరి మాటైపోతుంది, అలాంటి పేరుకు జీఐ చట్టం సెక్షన్ 9 కింద జీఐ రాదు. నెల్లూరు పులుసు ఇంకా అంత దూరం పోలేదు. హైదరాబాద్‌లో ఆ బోర్డు చూసినా అది నెల్లూరోళ్ళ వంటనే అనుకుంటారు.

అందరి ఉత్సాహం మీదా నీళ్ళు చల్లింది హైదరాబాద్ మాటే. అక్కడున్నవాళ్ళలో చాలామందికి కూకట్‌పల్లిలోనో, బెంగళూరు మారతహళ్ళిలోనో తమ్ముడిదో, మేనల్లుడిదో కర్రీ పాయింట్ ఉంది. బోర్డు మీద అదే పేరు. జీఐ వస్తే, గీసిన మ్యాప్ బయట వండి డబ్బాలో పెట్టి అమ్మే పులుసుకు ఆ పేరు వాడే హక్కు పోతుంది. వండేది నెల్లూరు మనిషే, నేర్పింది నెల్లూరు అమ్మే అయినా సరే. చట్టం చూసేది వంట చేసిన చోటును, వంటమనిషి పుట్టిన ఊరిని కాదు. మరి అక్కడే ప్లేటులో వడ్డిస్తే? ఇది తేలని ప్రశ్న. డార్జిలింగ్ టీ మీద జీఐ ఉన్న టీ బోర్డు, కోల్‌కతాలో ఐటీసీ హోటల్లోని 'డార్జిలింగ్ లాంజ్' పేరు మీద దావా వేసి కలకత్తా హైకోర్టులో నెగ్గలేకపోయింది. జీఐ సరుకులకే గానీ సేవలకు కాదన్నది 2019 నాటి ఆ తీర్పులో ముఖ్యమైన మాట. రెస్టారెంటు పేరు సేవ కిందికి వస్తుంది, డబ్బా పులుసు సరుకు కిందికి వస్తుంది. ప్లేటులో వడ్డించిన పులుసు మధ్యలో నిలబడుతుంది.

ఇక్కడే మొదటి కేసు కంపెనీ సంగతి కూడా తేల్చాలి. ఎందుకంటే వచ్చినవాళ్ళ మనసులో ఉన్నది వాళ్ళను ఆపాలనే. జీఐ చట్టం సెక్షన్ 26 ప్రకారం, జీఐ దరఖాస్తు పడక ముందే మంచి నమ్మకంతో రిజిస్టర్ చేసుకున్న ట్రేడ్‌మార్క్ జీఐ వచ్చాక కూడా నిలబడుతుంది. అంటే ఏళ్ళు కష్టపడి జీఐ తెచ్చుకున్నాక బయటికి పోయేది తమ్ముడి కర్రీ పాయింట్, లోపలే ఉండిపోయే అవకాశం ఉన్నది ఆ ఎర్ర కుండ. ఈ ముక్క చెప్పగానే గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన "అయితే ఎవురి కోసం ఇదంతా?" అన్నాడు.

నా అభిప్రాయం వాళ్ళకు దాచకుండానే చెప్పాను. ఈ పులుసుకు ఈరోజున జీఐ కంటే, దాన్ని ఎవరూ ఒంటరిగా కట్టేసుకోకుండా చూసుకోవడమే ముఖ్యం. అందుకు రిజిస్ట్రీ వెలువరించే ట్రేడ్‌మార్క్ పత్రికలో కొత్తగా వచ్చే గుర్తుల మీద కన్నేసి, 'నెల్లూరు' అన్న మాట విడిగా కాజేసే దరఖాస్తు కనిపిస్తే నాలుగు నెలల్లోపు అభ్యంతరం వేస్తే చాలు. ఖర్చు తక్కువ, ఎవరి తమ్ముడూ నష్టపోడు. జీఐ కావాల్సిందేనంటే నెల్లూరు మలై కాజా దగ్గర మొదలుపెట్టడం తేలిక. అది డబ్బాలో పోయే సరుకు, నాలుగు రోజులు నిలుస్తుంది, చేసేవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. పులుసువాళ్ళకు ఈ మాట అంతగా నచ్చలేదు. అందులో ఇద్దరు మాత్రం కాజా దుకాణాలవాళ్ళను కలుస్తామన్నారు.

ప్రస్తుతం ఫైలు ఇలా ఉంది. క్లయింటు సొంత పేరు మీద రెండు క్లాసుల్లో దరఖాస్తులు పడ్డాయి, రిజిస్ట్రీ వాటిని పరిశీలించి ఇచ్చే నివేదిక రావాలి. బోర్డు మీద సైజులు మారాయి. మెస్‌లవాళ్ళు సంఘాన్ని సొసైటీగా రిజిస్టర్ చేసుకున్నారు, జీఐ దరఖాస్తు మాత్రం వేయలేదు. ట్రేడ్‌మార్క్ పత్రిక చూసే పని మా ఆఫీసుకు అప్పగించారు. పాత మెనూ కార్డులు, పెళ్ళి కేటరింగ్ చీటీలు, పాత పేపర్ కటింగులు, క్యాలెండర్లు పోగేసి ఒకచోట పెట్టే బాధ్యత పెద్దావిడ మనవడు తీసుకున్నాడు. అవి రేపు జీఐకీ పనికొస్తాయి, ఇంకో నోటీసుకూ పనికొస్తాయి. టమాటా మీద మాత్రం ఇంకా తెగలేదు.